కంపెనీ డబ్బుతో పీహెచ్‌డీ: పర్లాకిమిడి నుంచి నా అనుభవం

సెలక్ట్ అయ్యానని మెయిల్ వచ్చింది 2023 సెప్టెంబరులో. మొదటి విడత డబ్బు నా ఖాతాలో పడింది 2024 మార్చి చివర్లో. ఈ రెండింటి మధ్య ఏం జరుగుతుందో కంపెనీ బ్రోషర్లో ఉండదు, కాలేజీ నోటీసు బోర్డులోనూ ఉండదు. మా పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పిల్లలు ఈమధ్య ఎంటెక్‌లోనూ పీహెచ్‌డీలోనూ బాగానే చేరుతున్నారు. ఇండస్ట్రీ ఫెలోషిప్ అనగానే నాకు ఫోన్ చేసి "అక్కా, నెలకు ఎంతిస్తారు?" అని అడుగుతున్నారు. ఎంతిస్తారన్నది ఇందులో చిన్న సంగతి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కంపెనీ పేరు, కాలేజీ పేరు రాయను. ఒప్పందం మీద సంతకం పెట్టాను, పైగా ఇంకా అక్కడే చదువుతున్నాను.

నాది మెకానికల్. పని స్లర్రీ పంపుల అరుగుదల మీద. అంటే మంచినీళ్లు తోడే పంపు కాదు, ఇసుక, బూడిద, బురద కలిసిన నీటిని తోసే పంపు. మా వైపు వీటికి కొదవ లేదు. దామన్‌జోడిలో నాల్కో, దొరగుడలో ఉత్కల్ అల్యూమినా ఉన్నాయి. బాక్సైట్‌ని కాస్టిక్ సోడాలో ఉడికించి అల్యూమినా తీశాక మిగిలే ఎర్ర బురదను బయటికి పంపాలంటే ఈ పంపులే దిక్కు. లోపల తిరిగే ఇంపెల్లరు, దాని ఎదురుగా ఉండే త్రోట్‌బుష్ అరిగిపోతే పంపు తిరుగుతూనే ఉంటుంది, బురద మాత్రం కదలదు. ఇదంతా ఇంట్లో వివరంగా చెబితే నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు: "మిల్లులో రబ్బరు రోలు అరిగినట్టేగా." నాన్న చాలా ఏళ్లుగా రైస్‌మిల్లులో ఫిట్టరు.

2023 జూన్‌లో మా గైడ్ సర్ పిలిచి, పుణె దగ్గర పంపులు తయారుచేసే కంపెనీ ఒకటి రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తోందని చెప్పారు. అంతకుముందు ప్రధానమంత్రి డాక్టోరల్ ఫెలోషిప్‌కి వెళ్దామనుకున్నాం. 2012లో మొదలైన పథకం అది, సగం డబ్బు ప్రభుత్వం, సగం కంపెనీ ఇస్తాయి. దానికైనా ముందు ఒక కంపెనీని ఒప్పించుకోవాలి కాబట్టి, అడగకుండానే వచ్చిన కంపెనీని వదలొద్దన్నారు సర్. నెలకు 40 వేలు, ఏడాదికి కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులు) కింద ఒక లక్ష, కంపెనీ నుంచి ఒక మెంటార్. 2023 జనవరి నుంచి ప్రభుత్వమిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్పే (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు అయింది కాబట్టి ఇదేమీ ఆకాశాన్నంటే మొత్తం కాదు. కానీ ఎంటెక్ రెండేళ్లూ గేట్ స్టైపెండ్ 12,400తో నెట్టుకొచ్చిన నాకు పెద్దదే.

అప్లికేషన్ రెండు పేజీలు. అందులో ఒక్క ప్రశ్నే తలనొప్పి: ఈ పని ఫలిస్తే మా పంపులో ఏం మారుతుంది, ఐదు లైన్లలో రాయండి. ఎవరెవరు ఏమేం పేపర్లు రాశారో చెప్పడం మనకు అలవాటు. ఆ ఐదు లైన్లు రాయడానికి వారం పట్టింది. ఒక అరిగిన ఇంపెల్లరు మార్చడానికి పంపును ఎంతసేపు ఆపాలి, ఆపితే ఎవరికి నష్టం, ఏ వేగం దగ్గర నడిపితే ఆ మార్పిడి అవసరం ఆలస్యంగా వస్తుంది, ఇదే రాశాను. తర్వాత తెలిసింది, మిగతా పేజీన్నర వాళ్లు చదవనేలేదట.

ఇంటర్వ్యూ ఆగస్టులో, ఆన్‌లైన్‌లో. నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దుట్నుంచి వాన, పది గంటలకల్లా కరెంటు పోయింది, దాంతోపాటే ఇంటర్నెట్టూ పోయింది. ఏరు దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. అక్కడ మా పెద్దమ్మ వాళ్లిల్లు ఉంది. ఫోన్ చేస్తే "మాకు కరెంటుంది, రామ్మా" అంది. ల్యాప్‌టాప్‌కి ప్లాస్టిక్ సంచి చుట్టి ఆటో ఎక్కాను. వాళ్ల దేవుడి గదిలో కూర్చుని ఇంటర్వ్యూ ఇచ్చాను. ప్యానెల్లో ముగ్గురు. ఇద్దరు థియరీ అడిగారు. మూడో ఆయన అంతసేపూ మాట్లాడకుండా కూర్చుని చివర్లో ఒక్కటే అడిగారు: "అరిగిన ఇంపెల్లరు ఎప్పుడైనా చేత్తో పట్టుకున్నారా? ముందు ఎక్కడ అరిగింది?" రాయగడలో పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒకటి చూశాను, వేన్ల (రెక్కల) మొదళ్లు కత్తి అంచులా పలచబడి ఉన్నాయి, ముందు ప్లేటు మీద వలయంలా గాడి పడింది అని చెప్పాను. ఆయన తలూపి మైక్ ఆఫ్ చేసుకున్నారు. ఆయనే తర్వాత నా మెంటార్ అయ్యారు.

సెప్టెంబరులో మెయిల్ వచ్చింది. నాన్న మిల్లులో అందరికీ చెప్పేశారు. వీధిలో "పాపకి పుణె కంపెనీలో ఉద్యోగమట" అని ప్రచారం అయింది. ఉద్యోగం కాదని చెప్పడానికి అమ్మకే నానా తంటాలు. "ఏమే, ఇది జీతమా, స్కాలర్‌షిప్పా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు తర్వాత ఇన్‌కమ్‌టాక్స్ వాళ్లకీ చెప్పుకోవలసి వచ్చింది, ఆ కథ కిందికి వస్తుంది.

అసలు పరీక్ష ఒప్పందంతో మొదలైంది. కంపెనీ, కాలేజీ, నేను, ముగ్గురం సంతకాలు పెట్టాల్సిన కాగితం. అక్టోబరు మొదటి వారంలో డ్రాఫ్ట్ వచ్చింది, సంతకాలు పూర్తయ్యేసరికి ఫిబ్రవరి. మొదటి పేచీ జీఎస్టీ. కంపెనీ ఇచ్చేది కాలేజీ ద్వారా రావాలి. అలా వస్తే అది స్పాన్సర్డ్ రీసెర్చ్ కాబట్టి 18 శాతం జీఎస్టీ పడుతుందని కాలేజీ అకౌంట్స్, అది విద్యార్థికిచ్చే ఫెలోషిప్ కదా అని కంపెనీ ఫైనాన్స్. ఎవరి మాట వాళ్లది. ఒకరి మెయిల్‌కి ఇంకొకరు జవాబివ్వడానికి పది రోజులు, మధ్యలో దసరా, దీపావళి. 2024 అక్టోబరు నుంచి ప్రభుత్వ సంస్థలకీ, 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 35 కింద గుర్తింపున్న యూనివర్సిటీలకీ, కాలేజీలకీ, పరిశోధన సంస్థలకీ వచ్చే రీసెర్చ్ గ్రాంట్ల మీద జీఎస్టీ మినహాయించారు. ఇప్పుడు అప్లై చేసేవాళ్లకు ఈ గొడవ తగ్గి ఉండాలి. అయినా మీ కాలేజీ ఆ కోవలోకి వస్తుందో రాదో సెలక్షన్ కాకముందే అకౌంట్స్‌లో కనుక్కోండి. మా కేసులో చివరికి నెలనెలా ఇచ్చేది నేరుగా నా ఖాతాకి, కంటింజెన్సీ మాత్రం కాలేజీకి అని విడదీశారు. అలా విడదీయొచ్చని ఎవరికీ ముందు తట్టలేదు, తట్టింది మా డిపార్ట్‌మెంట్ క్లర్క్‌కి.

రెండోది స్టాంపు పేపరు. ఒడిశా స్టాంపా, మహారాష్ట్ర స్టాంపా? నవ్వొస్తుంది గానీ దీని మీద మూడు వారాలు పోయాయి. మూడోది అసలైన విషయం, ఫలితాలు ఎవరివి అన్నది. మొదటి డ్రాఫ్ట్ ప్రకారం నేను కనుక్కున్నదంతా కంపెనీదే, పేపరు రాయాలంటే వాళ్ల రాతపూర్వక అనుమతి కావాలి, గడువు లేదు. గైడ్ సర్ మామూలుగా ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు. ఈ ఒక్క విషయంలో మాత్రం పట్టు వదల్లేదు. చివరికి మూడు మార్పులు చేయించారు. పేటెంట్ వస్తే ఉమ్మడిగా, వాడుకునే మొదటి హక్కు కంపెనీకి. పేపరు పంపితే అరవై రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. థీసిస్ సబ్మిషన్‌ను మాత్రం ఏ కారణంతోనూ ఆపకూడదు. ఆ మూడో లైను లేకపోతే సంతకం పెట్టొద్దని నాతో విడిగా చెప్పారు. అప్పుడు అతి జాగ్రత్త అనిపించింది. ఇప్పుడు ఆ లైను చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈ అయిదు నెలలూ రూపాయి లేదు. ఒప్పందం తేదీ నుంచే లెక్క, సెలక్షన్ తేదీ నుంచి కాదు. ఎరియర్స్ ఉంటాయని నేనూ ఇంట్లో వాళ్లూ అనుకున్నాం, ఉండవు. ఫస్ట్ ఇయర్ పిల్లలకు ల్యాబులు చెప్పి, ట్యూషన్లు చెప్పి గడిపాను. దసరాకి మా మావయ్య "మొదటి జీతంతో ఏం కొంటున్నావే?" అంటే ఏం చెప్పాలో తెలీక వంటింట్లోకి వెళ్లిపోయాను. కంపెనీకి ఫోన్ చేస్తే హెచ్‌ఆర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడేది, "లీగల్ దగ్గర ఉంది" అనేది. లీగల్ వాళ్ల నంబరు ఎవరికీ తెలీదు.

మార్చి చివరి వారంలో మూడు నెలల మొత్తం ఒకేసారి వేశారు. లక్షా ఇరవై వేలు రావాలి, లక్షా ఎనిమిది వేలే పడింది. పన్నెండు వేలు టీడీఎస్, అంటే ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను. కంపెనీ వాళ్లు నన్ను ప్రొఫెషనల్‌గా లెక్కేసి సెక్షన్ 194జె కింద పది శాతం కోశారు. ఊళ్లో ఒక సీఏ గారి దగ్గరికి వెళ్తే ఆయన ఒప్పంద పత్రం చదివి, చదువు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద సెక్షన్ 10(16) ప్రకారం పన్ను లేదు, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది అన్నారు. ఫీజు ఐదు వందలు. జులైలో రిటర్న్ వేశాం. రీఫండ్ మాత్రం ఆగింది, ఎందుకంటే బ్యాంకు ఖాతాలో నా పేరు ఒకలా, పాన్ కార్డులో ఇంకోలా ఉంది. ఇది మా తెలుగువాళ్లకి ఒడిశాలో చిన్నప్పట్నుంచీ ఉన్న బాధే. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, బడిలో చేర్చినప్పుడు ఒడియా మాస్టారు దాన్ని చివరికి జరిపారు, ఆధార్ వాళ్లు మొదటికి తెచ్చారు, బ్యాంకు వాళ్లు పొడి అక్షరంతో సరిపెట్టారు. బ్యాంకులో పేరు సరిచేయించి, ఖాతాను పోర్టల్లో మళ్లీ వాలిడేట్ చేశాక అక్టోబరులో డబ్బు వచ్చింది. అమ్మకి జవాబు దొరికింది: స్కాలర్‌షిప్పే. ఆ తర్వాత సీఏ గారు రాసిచ్చిన లెటర్ పంపితే కంపెనీ కోయడం మానేసింది. మీరైతే ఆ లెటర్ మొదటి విడతకి ముందే పంపండి. అప్లికేషన్ పెట్టే రోజుకే పాన్, ఆధార్, బ్యాంకు, సర్టిఫికెట్లలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి.

ఇక మెంటార్ సంగతి. ఈ రెండున్నరేళ్లలో నాకు దక్కినదాంట్లో ముప్పాతిక వంతు ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. మరాఠీ ఆయన, పాతికేళ్లు పంపుల సర్వీసులో తిరిగారు. డాక్టరేట్ లేదు. రెండు వారాలకోసారి గురువారం సాయంత్రం కాల్. మాటలు హిందీలో. మొదటి కాల్‌కి నేను నలభై స్లైడ్లు చేసుకుని కూర్చున్నాను. ఆయన మూడో స్లైడు దగ్గర ఆపి, "మేడమ్, ఇక నుంచి స్లైడ్లు వద్దు. ఒక్క పేజీ రాసి పంపండి. ఏం చేశారు, ఏం పాడైంది, వచ్చేసారికి ఏం చేస్తారు" అన్నారు. ఏం పాడైంది అన్న భాగం ఖాళీగా ఉంటే ఆ రోజు కాల్ ఐదు నిమిషాల్లో ముగిసేది. "ఏమీ పాడవలేదంటే మీరేమీ చెయ్యలేదన్నమాట" అనేవారు.

అరిగిన లోహాన్ని చదవడం నేర్పింది ఆయనే. ఫొటోలు పంపమనేవారు, అదీ లైటు పక్కనుంచి పడేలా. ఒకే దిక్కుకి గీతలు పడి, ఇసుక మీద గాలి వీచినట్టు అలలుంటే అది రాపిడి. స్పాంజిలా గుంటలు గుంటలుగా ఉంటే అది కావిటేషన్, అంటే నీటిలో పుట్టిన ఆవిరి బుడగలు లోహం మీద పగలడం, దానికి గట్టి లోహం వెయ్యడం మందు కాదు, పంపు ఎక్కడ పెట్టారో చూడాలి. నున్నగా కరిగినట్టుంటే కెమికల్ పని. ఒకసారి నేను మూడు రోజులు కూర్చుని రాపిడి అని తేల్చినదాన్ని ఆయన ఫొటో చూసి, "ఆ పంపు సక్షన్ వాల్వు సగం మూసి నడిపారేమో అడగండి" అన్నారు. అడిగితే నిజమే, అది కావిటేషన్.

టెస్టులకు కంపెనీ ఇంపెల్లర్లు పోసే లోహాన్నే ముక్కలుగా పంపింది. హై క్రోమ్ వైట్ ఐరన్, 27 శాతం క్రోమియం గ్రేడు. వచ్చాక తెలిసింది, దాన్ని మామూలు రంపంతో కొయ్యలేమని. డ్రిల్లు దిగదు, బ్లేడే పోతుంది. వైర్‌కట్, అంటే సన్నని తీగలో కరెంటు పంపి లోహాన్ని కోసే యంత్రం, కావాలి. మా చుట్టుపక్కల దొరకలేదు, విశాఖ ఆటోనగర్ వెళ్లాను. నౌపడా మీదుగా రైల్లో వెళ్లి, ముక్కలన్నీ బ్యాగులో వేసుకుని ఆటోలో దిగితే వర్క్‌షాపు అతను చేత్తో ఎత్తి చూసి, "ఇది చాలా టైం తింటుందమ్మా, గంటల లెక్కన తీసుకుంటా" అన్నాడు. మొదటి బ్యాచికే పద్దెనిమిది వేలు దాటింది. కంటింజెన్సీ లక్ష ఉంది కదా అనుకుంటే, అది ముందు మన జేబులోంచి పెట్టి బిల్లు ఇచ్చాక వచ్చే డబ్బు. పైగా బిల్లు కాలేజీ పేరు మీద, కాలేజీ జీఎస్టీ నంబరుతో ఉండాలి. షాపు ఆంధ్రలో, కాలేజీ ఒడిశాలో కాబట్టి బిల్లులో ఐజీఎస్టీ, అంటే రాష్ట్రం దాటిన లావాదేవీకి వేసే జీఎస్టీ, వేశారు. ఇది చూసి మా అకౌంట్స్ ఆయన "ఎప్పుడూ కేంద్రానిదీ రాష్ట్రానిదీ రెండు లైన్లుంటాయి, ఇందులో ఒకటే ఉందేంటి" అని ఫైలు పక్కన పెట్టారు. అదే సరైనదని నచ్చజెప్పడానికి సీఏ గారి చేత ఫోన్ చేయించాను.

టెస్టు చూడ్డానికి తేలిక. ఒక డ్రమ్ములో ఇసుకా నీళ్లూ, అందులో ముక్కల్ని కడ్డీకి బిగించి మోటారుతో తిప్పడం. గంటల తరబడి తిప్పి, తీసి, కడిగి, అసిటోన్‌తో తుడిచి, ఆరబెట్టి తూకం వెయ్యాలి. పోయే బరువు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. తూకం యంత్రం గ్రాములో పదివేలో వంతు దాకా చూపిస్తుంది కాబట్టి ఫ్యాను తిరిగినా అంకె నిలవదు. మే నెలలో ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమట ముక్క మీద పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుని తూచేదాన్ని. ఒకే ముక్కను మూడుసార్లు తూచి మూడూ కలిస్తేనే రాసుకోవడం. ఇసుక కూడా నమ్మకూడదు. తిరిగేకొద్దీ రేణువుల మూలలు అరిగి గుండ్రమవుతాయి, కోసే గుణం తగ్గిపోతుంది. అందుకని ప్రతి రన్‌కీ కొత్త ఇసుక. వేగం రెట్టింపు చేస్తే అరుగుదల రెట్టింపు అవుతుందని మొదట అందరూ అనుకుంటారు. అరుగుదల వేగానికి దాదాపు 2.5 నుంచి 3వ ఘాతంలో పెరుగుతుంది, అంటే ఐదారు రెట్ల నుంచి ఎనిమిది రెట్ల దాకా. పుస్తకంలో ఉన్న సంగతే, కానీ నా తూకంలో ఆ గీత వంపు తిరగడం చూసిన రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. "అయితే మెల్లిగా తిప్పమను" అన్నారు. నిజానికి నా థీసిస్‌లో రెండో చాప్టరు సారం అదే.

ఒప్పందంలో ఏడాదికి ఆరు వారాలు ఫ్యాక్టరీలో ఉండాలని ఉంది. 2024 జూన్ చివర్లో పలాసలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పుణె వెళ్లాను. టికెట్టు కంపెనీ ఇస్తుంది, ఉండడానికి ఇవ్వదు. పీజీకి నెలకు తొమ్మిది వేలు, రెండు నెలల అడ్వాన్సు. ఇది ఎవరూ ముందు చెప్పలేదు. మొదటి రోజంతా గేటు దగ్గరే గడిచింది. మెడికల్ ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు లెటరు, కాలేజీ నుంచి బోనఫైడ్, అన్నీ ఉన్నాయి. సేఫ్టీ షూలే లేవు. ఆడవాళ్ల సైజు స్టోర్‌లో ఉండదట, తెప్పించడానికి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ ఫౌండ్రీలో (లోహం పోత పోసే చోట) అడుగు పెట్టనివ్వలేదు, ఆఫీసులో డ్రాయింగులు చూస్తూ కూర్చున్నాను. మీ సైజు షూ కొనుక్కుని వెళ్లండి. ఫౌండ్రీలో సోలాపూర్ నుంచి వచ్చిన ఒక మౌల్డర్ (పోతకు అచ్చులు చేసే ఆయన) ఉండేవారు, వాళ్ల ఇంట్లో తెలుగే. మరాఠీ కలిసిన ఆయన తెలుగుకి నేనూ, ఒడియా కలిసిన నా తెలుగుకి ఆయనా నవ్వుకునేవాళ్లం. పోత పోశాక ఆ ఇనుమును వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల వేడి చేసి గాలికి చల్లారుస్తారు, గట్టిదనం దాంతోనే వస్తుంది. నా ముక్కల్లో రెండు మిగతావాటికంటే ఎందుకు తొందరగా అరిగాయో నెలల తరబడి అర్థం కాలేదు. ఆయన బ్యాచి నంబరు చూసి, ఆ వారం ఫర్నేసులో అడుగు వరసలో పెట్టినవి అని చెప్పారు.

తిరిగొచ్చాక కోరాపుట్ వైపు ఒక ప్లాంటులో పంపులు చూసే అవకాశం మెంటార్ ఇప్పించారు. లోపలికి వెళ్లడానికి పూట సేపు సేఫ్టీ ట్రైనింగ్, చివర్లో పరీక్ష. పంప్‌హౌస్‌లో సగం మంది సాలూరు, పార్వతీపురం వాళ్లే. "మనోళ్లేనా అమ్మా?" అన్నాక పని తేలికైంది. ఒక పెద్దాయన స్క్రూడ్రైవర్ మొన బేరింగు మీద ఆనించి, పిడికి చెవి పెట్టి వినేవారు. ఆయన దగ్గర ఒక చేతిరాత రిజిస్టరు ఉంది, ఏ పంపుకి ఏ తారీఖున త్రోట్‌బుష్ మార్చారు, ఎన్ని గంటలు తిరిగింది, పక్కనే "వానాకాలం, ఇసుక ఎక్కువ" లాంటి ముక్కలు. కంప్యూటర్లో ఉన్న డేటాలో ఈ ముక్కలు లేవు. ప్లాంటు మేనేజరు అనుమతితో దాన్ని ఎత్తి రాసుకున్నాను. షరతు ఒకటే, అసలు గంటలు ఎక్కడా అచ్చు వెయ్యకూడదు, నిష్పత్తులు వేసుకోవచ్చు.

ఆ డేటాతో 2024 నవంబరులో పేపరు రాసి కంపెనీకి పంపాను. అరవై రోజుల గడువు ఒప్పందంలో ఉంది కదా. యాభై ఎనిమిదో రోజున జవాబు: లోహం కూర్పు తీసేయండి. కూర్పు లేకుండా ఏ జర్నలూ తీసుకోదు. నాలుగుసార్లు మెయిల్ రాస్తే ఒకసారి "పరిశీలిస్తున్నాం" అని వచ్చింది. నేను అనుకున్న కాన్ఫరెన్సు గడువు దాటిపోయింది. ఆ నెల కోపంతో నిద్ర పట్టలేదు. ఎవరి మీద కోపమో కూడా తెలీదు, ఎందుకంటే ఆ మెయిల్స్ కింద మనిషి పేరుండదు, డిపార్ట్‌మెంట్ పేరుంటుంది. దారి చూపింది మళ్లీ మెంటారే. ఈ రకం ఇనుముకు అమెరికా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం వారి ఏ532 అనే స్టాండర్డు ఉంది, అందులో క్లాస్ త్రీ టైప్ ఏ అంటే క్రోమియం 23 నుంచి 30 శాతం అని అచ్చులోనే ఉంది. అందరికీ తెలిసిన ఆ పరిధిని రాయి, మా కచ్చితమైన అంకె రాయకు అన్నారు. రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. 2025 మార్చిలో పంపితే అక్టోబరులో ఆక్సెప్ట్ అయింది.

మధ్యలో ఫిబ్రవరిలో రెన్యూవల్ రివ్యూ. పది నిమిషాలు ఇస్తారు. అడిగింది ఒకటే, దీనివల్ల మాకు ఎంత మిగులుతుంది అని. రెన్యూ అయింది గానీ లెటరు రావడానికి రెండు నెలలు, ఆ రెండు నెలలు డబ్బు ఆగి తర్వాత కలిపి వచ్చింది. ఏటా ఫిబ్రవరికి ముందే రెండు నెలల ఖర్చు పక్కన పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను.

2025 జులైలో మెంటార్‌ని వేరే డివిజన్‌కి మార్చారు. నాకు చెప్పింది ఆయనే, కంపెనీ నుంచి మెయిల్ తర్వాతెప్పుడో వచ్చింది. కొత్త మెంటార్ కుర్రాయన, పెద్ద చోట చదివారు, తెలివైనవారే. కానీ గురువారం కాల్ మూడింట రెండుసార్లు వాయిదా. ఏం పాడైందని అడగరు, స్లైడ్లు అడుగుతారు. డబ్బు మాత్రం ఒక్క రోజు ఆలస్యం లేకుండా పడుతోంది. దాంతో నాకు బాగా అర్థమైంది, నేను ఇన్నాళ్లూ ఫెలోషిప్ అనుకున్నది ఒక మనిషిని. ఒప్పందంలో మెంటార్ పేరు రాయించొచ్చట, మారితే గైడ్‌తో సంప్రదించాలన్న లైను పెట్టించొచ్చట. మా బ్యాచిలోనే ఇంకో కాలేజీ అబ్బాయి పెట్టించుకున్నాడు. ఫోన్ చేసేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. ఆ కంపెనీలో ఇదివరకు ఫెలోగా ఉన్నవాళ్ల నంబరు సంపాదించి, మెంటార్ నెలకు ఎన్నిసార్లు దొరుకుతారో అడగండి అంటాను. నెలకు ఎంతిస్తారన్నది ఆ తర్వాత.

పాత మెంటార్ ఇప్పటికీ ఆదివారం ఫోన్ ఎత్తుతారు. అది ఆయన మంచితనం, ఒప్పందంలో లేదు.

మూడో ఏడాది రివ్యూ వచ్చే ఫిబ్రవరిలో. థీసిస్ డ్రాఫ్ట్ మూడు చాప్టర్లు గైడ్ సర్ దగ్గర ఉన్నాయి. చదువయ్యాక ఉద్యోగానికి ముందు తమ దగ్గర ఇంటర్వ్యూకి రావాలని కంపెనీ క్లాజు, చేరాలని లేదు. వెళ్తానో లేదో ఇంకా అనుకోలేదు. రెండో బ్యాచి వైర్‌కట్ బిల్లు పద్నాలుగు వేలు మాత్రం ఆగస్టు నుంచి అకౌంట్స్‌లోనే ఉంది, అక్కడి ఆయన మారారు, కొత్తాయనకి ఐజీఎస్టీ సంగతి మళ్లీ మొదట్నుంచి చెప్పాలి. సోమవారం వెళ్తున్నాను.